ఇంజన్ ఒకరికి, బాడీ ఒకరికి

ఆ యేడు పంచాయతీ ఎన్నికల్లో మా జీపు పొద్దున గొడుగు గుర్తుకూ, మధ్యాహ్నం నిచ్చెన గుర్తుకూ ప్రచారం చేసింది. గొడుగు వాళ్లకు మాటిచ్చింది మా బావ వెంకటనారాయణ. నిచ్చెన వాళ్లకు మాటిచ్చింది ఆయన తమ్ముడు దుర్గేశ్, అంటే మా ఆయన. ఒకరికి తెలియకుండా ఒకరు ఇచ్చేశారు. తెలిశాక ఎవరూ వెనక్కి తగ్గలేదు. బండి కిరాయికి తిప్పడానికి ఇద్దరూ కలిసి కొన్నదే కాబట్టి పూటకొకరు నడిపారు. పొద్దున "ఎండకైనా వానకైనా గొడుగే" అన్న మైకే, అన్నం వేళ దాటగానే "గొడుగు గాలికెగిరిపోతది, నిచ్చెన నిలబడతది" అని అరిచింది. మా మరైగూడ చుట్టుపక్కల జనం పనులు మానుకుని గుమ్మాల్లో నిలబడి మరీ నవ్వుకున్నారు.

చివరికి గెలిచింది పలక గుర్తు మంగ్లీ. ఆమె ఏ బండీ ఎక్కలేదు. ఇంటింటికీ నడిచింది.

ఓడిపోయిన అభ్యర్థులిద్దరూ ఆ వారమే సంతలో ఒకే బల్ల మీద కూర్చుని చాయ్ తాగారు. మా ఇంట్లో అన్నదమ్ములు మాత్రం మాట్లాడుకోవడం మానేశారు.

"నీ మూలాన ఊరంతా నవ్వులపాలైనం" అన్నాడు బావ.

"నీ మూలాననే" అన్నాడు ఈయన.

అక్కడితో ఆగినా బాగుండేది. బావ నోరు జారాడు. "స్టీరింగ్ పట్టుడు నేర్పింది ఎవడురా నీకు?"

"నేర్పినవ్. నేర్పిన కాడి నుంచి పక్క సీట్లనే కూసోపెడుతున్నవ్. బేరం నువ్వే మాట్లాడాలె, గేరు నువ్వే వెయ్యాలె. మొన్న ఒక్క పూట నా మాట మీద బండి తిరిగింది, దానికే ఓర్వలేకపోతివి."

బావ కండువా దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు. హోళీ నాటికి ఒకే పెంకుటింట్లో రెండు పొయ్యిలు వెలిశాయి. వాకిలి మాత్రం ఒక్కటే మిగిలింది. గోడ కట్టాలంటే ఇద్దరూ ఒకచోట నిలబడి ఎక్కడ కట్టాలో మాట్లాడుకోవాలి కదా.

ఆ రోజుల్లో నాకు ఇంటిపనీ పొలంపనీ కాక ఇంకో పని పడింది. మాటలు మొయ్యడం. బావ చెప్పేది ఈయనకూ, ఈయన చెప్పేది బావకూ నేనే చెప్పాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నా సరే. తోడికోడలు సమ్మక్క పెద్దది కాబట్టి ఆ పని ఒప్పుకోలేదు. "నేను ఒకసారి నోరు తెరిస్తే ఇద్దరికీ కలిపి తిట్లే పోతయ్. నువ్వైతే మెత్తగ చెప్తవ్" అంది.

పంపకాల రోజు ఎడ్లు, మేకలు, గింజల గుమ్మి, వాగు దగ్గర మక్కజొన్న చేను, అన్నీ సాఫీగా తెగిపోయాయి. జీపు దగ్గర ఆగింది. నాకే కావాలని ఇద్దరూ అనరు. నీకే ఇస్తున్నానని కూడా అనరు. పక్కింటి దొర్ల కేసా పంచాయతీకి కూర్చున్నాడు. బావ ఈడువాడు, ఇద్దరితోనూ ఆడుకుంటూ పెరిగినవాడు. ఎండ నెత్తికెక్కినా తెగకపోయేసరికి విసుగొచ్చి నవ్వాడు.

"ఇంజన్ ఒకలు తీసుకోండ్రి, బాడీ ఒకలు తీసుకోండ్రి. అయిపాయె!"

ఎవరూ నవ్వలేదు. బావ నా వైపు తిరిగి, "నవీనా, మీ ఆయనకు ఏం గావాల్నో అడుగు" అన్నాడు.

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. అడిగాను.

"ఇంజన్" అన్నాడు. "పాత ఆయిల్ ఇంజన్ పోయింది గదా. దీన్ని వాగు కాడ పెట్టి మక్కకు నీళ్లు పారిచ్చుకుంట."

"అయితే బాడీ నాది. కాయితాలతోని. భద్రాచలం పోయి పాత ఇంజన్ ఒకటి చూసి ఎక్కిచ్చుకుంట."

కేసాకు గాభరా పుట్టింది. "ఏందన్నా, నేను నవ్వులాటకన్న గదా! నడిచే బండి కడుపు ఎవడన్న కోస్తడా?"

కానీ ఒప్పుకున్న మాట ఎవరు ముందు కాదంటే వాళ్లు ఓడినట్టే. ఇక ఏ సామాను ఎవరిదన్న గొడవ మొదలైంది. సమ్మక్క చాటలో చింతపండు గింజలు తీస్తూ అక్కడి నుంచే తీర్పు చెప్పింది. "నూనె తగిలేదంత ఇంజన్ కింద పోతది. గాలి తగిలేదంత బాడీ కింద పోతది. లేవండ్రిగ." ఆ లెక్కన బ్యాటరీ బావకు పోయింది. రేడియేటర్ కూడా బావకే పోయింది. అది లేకపోతే ఇంజన్ వేడెక్కుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. మా ఆయన మాత్రం, "నాకొద్దు. ఉంచుకోమను" అన్నాడు.

కుంట టౌనుకు తీసుకెళ్లి మెకానిక్‌కు అప్పజెబితే సరిపోయేది. అక్కడిదాకా ఎవరు నడపాలన్న దగ్గర అదీ ఆగిపోయింది. అందుకని ఇంజన్ మా వాకిట్లోనే విప్పారు.

కేసా మూడు మద్ది దుంగలు తెచ్చి, కొనలు ఒకచోట కట్టి, జీపు ముందు భాగం మీదుగా నిలబెట్టాడు. కొనకు గొలుసు కప్పీ వేలాడదీశాడు. బానెట్ విప్పి గోడకానించారు. రేడియేటర్ నీళ్లు వదిలితే తుప్పు రంగు మడుగు కట్టింది. కోళ్లు తాగబోతే అక్క అదిలించింది. బావ ఎడమపక్క, ఈయన కుడిపక్క. నేను బంపర్ దగ్గర, ఇద్దరికీ మధ్యలో.

"నవీనా, పదిహేడు పానా ఇటియ్యమను."

"నవీనా, నేను దాంతోనే విప్పుతున్న. ఆగమను."

"ఎంతసేపు విప్పుతడట?"

"తుప్పు పట్టింది. గ్రీజు పెట్టుమని పోయినేడే చెప్పిన, ఎవలన్న విన్నరా అని అడుగు."

అరుగు మీద నుంచి సమ్మక్క అరిచింది. "అటూ ఇటూ తిరిగి నవీన మెడ పట్టేస్తది! గోడ మీద బల్లి ఉన్నది, దానికి చెప్పుకోండ్రి!"

సైలెన్సర్ గొట్టం నట్టు ఒకటి ఎంతకీ కదల్లేదు. కిరసనాయిలు పోశారు, సుత్తితో కొట్టారు. చివరికి పానాకు ఇనుప గొట్టం తొడిగి, చెప్పుకోకుండానే ఇద్దరూ కలిసి పట్టి లాగారు. నట్టు ఒక్కసారిగా ఊడింది. ఇద్దరూ వెల్లకిలా మట్టిలో పడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన పెదవి కదిలింది. బావ మీసం కూడా కదిలిందని నేను ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. ఇంతలో బావ లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"నవీనా, అది బాడీ నట్టు. నా డబ్బాల వెయ్యమను."

మర్నాటికి పైపులు, వైర్లు, ఫ్యాను అన్నీ ఊడాయి. ఇక మిగిలింది ఇంజన్‌ను గేరుబాక్సు నుంచి విడదీసి పైకి లేపడం. గేరుబాక్సు కింద జాకీ, దాని మీద చెక్కదుంగ పెట్టారు. బావ, కేసా గొలుసు దగ్గర ఉన్నారు. మా ఆయన జీపు కిందికి దూరాడు. ఇంజన్ కొంచెం లేచింది కానీ గేరుబాక్సును వదల్లేదు. పట్టేసింది ఎక్కడో తెలుసుకోవాలని ఈయన రెంటి మధ్య సందులో చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

కోళ్లు తాగబోయిన ఆ మడుగు వల్ల కావచ్చు, ఒక దుంగ కింద నేల మెత్తబడింది. అది జారడం నేను చూశాను. గొలుసు కిర్రుమంది. అంత బరువూ పక్కకు ఊగి దిగడం మొదలైంది.

"చిన్నోడా! చెయ్యి తియ్యిరా!"

ఆ కేక బావది. కేక వేసినవాడు గొలుసు కేసాకు వదిలి, ఎగిరి వచ్చి జారుతున్న దుంగకు భుజం పెట్టాడు. కేసా గొలుసును చేతులకు చుట్టుకుని వెనక్కి వేలాడాడు. నేను, అక్క పరుగెత్తి బావకు అటూ ఇటూ దుంగను పట్టుకున్నాం. మా ఆయన కింది నుంచి పాకుతూ బయటికొచ్చాడు. వేళ్లన్నీ ఉన్నాయి. అరచేతి వెనక మాత్రం చర్మం గీరుకుపోయింది.

దుంగ కింద బండ వేసి నిలబెట్టాక అందరం నేల మీద చతికిలబడ్డాం. బావ భుజం మీద బనియను చిరిగి, లోపల తోలు ఎర్రగా కమిలి ఉంది. ఆయన తమ్ముడి చేతి వంకే చూస్తున్నాడు. చూసి చూసి నా వైపు తిరిగాడు.

"నవీనా, మీ ఆయనకు మంచినీళ్లియ్యి."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడు నిమిషాల కింద నేరుగా పిలిచిన నోరే కదా అది!

మళ్లీ లాగితే ఇంజన్ మొండికెయ్యకుండా ఊడొచ్చింది. జీపును వెనక్కి నెట్టారు. ఇంజన్ ఒక్కటే వాకిలి మధ్యలో, గాల్లో, నల్లగా వేలాడుతూ ఉండిపోయింది. ఇంతేనా ఇది అనిపించింది నాకు. ఇన్నేళ్లు మమ్మల్నందరినీ మోసిందా ఇది అని కూడా అనిపించింది.

ఆ సాయంత్రం మా ఆయన నొప్పులకు రుద్దే ఇప్పనూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. తీసుకెళ్లి అక్కకిచ్చాను. తెల్లారి సీసా మా గుమ్మం దగ్గర ఉంది, సగం ఖాళీ అయి. పక్కన పసుపు ముద్ద ఆకులో చుట్టి ఉంది, చేతికి పెట్టుకోవడానికి.

అంత జరిగినా మాటలు మాత్రం కలవలేదు.

ఇంజన్ కేసా ఎడ్లబండి మీద వాగుకు పోయింది. మా ఆయన దాన్ని చెక్కల దిమ్మె మీద కూర్చోబెట్టి, పంపుకు బెల్టు వేసి, అద్దెకు బ్యాటరీ తెచ్చాడు. రేడియేటర్ బదులు పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టి పైపులు కట్టాడు. మొదటి రోజు నీళ్లు కాలవలో దూకుతుంటే పిల్లవాడిలా ఎగిరాడు. కాసేపటికే డ్రమ్ములో నీళ్లు మరిగి ఆవిరి కమ్మింది. ఆపాడు. చల్లారాక మళ్లీ నడిపాడు. మళ్లీ ఆపాడు. చేను మొదట్లో రెండు సాళ్లు తడిసేసరికి పొద్దు వాలేది.

ఇంటి దగ్గర బావది ఇంకో వేషం. భద్రాచలం పోలేదు, ఇంజన్ తేలేదు. పొద్దున్నే లేచి ఖాళీ జీపు అద్దాలు తుడిచేవాడు. డ్రైవర్ సీట్లో కూర్చునేవాడు. బ్యాటరీ ఆయనదే కదా, చాయ్ కావాలంటే హారన్ కొట్టేవాడు.

"ఇంజన్ లేని బండికి హారన్ ఒకటి! కట్టుకున్నదాన్ని బండెక్కే సవారీని పిలిచినట్టు పిలుస్తుండు" అని సమ్మక్క తిట్టేది. తిడుతూనే గ్లాసు పట్టుకెళ్లి కిటికీలోంచి అందించేది. ఒక్కోసారి పక్క సీట్లో కూర్చుని తనూ తాగేది.

వైశాఖం ఎండలు ముదిరాయి. మక్క కంకులు పాలు పట్టే వేళ. అప్పుడు నీళ్లు తప్పితే కంకి తొడుగే మిగులుతుంది, గింజ ఉండదు. చేనులో మా సగమూ, వాళ్ల సగమూ పక్కపక్కనే మెలితిరుగుతున్నాయి. ఎండకు పంపకాలు తెలియవు కదా. బావ రోజూ గట్టు మీదికొచ్చి తన సగం చూసుకుని, ఇంజన్ మోత కాసేపు విని, తల అడ్డంగా ఊపి పోయేవాడు. అది మా ఆయనను మరీ ఉడికించేది.

ఒకరోజు మధ్యాహ్నం ఈయన మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. "పో, ఆ రేడియేటర్ ఇస్తరేమో అడుగు."

వాకిలి దాటి వెళ్లి అడిగాను.

"అడిగేటోడు వచ్చి అడగాలె" అన్నాడు బావ.

వెనక్కొచ్చి చెప్పాను.

"చేను ఆయనది గూడ ఎండుతున్నది గదా. ఇచ్చేటోడు తెచ్చి ఇయ్యాలె."

మళ్లీ వెళ్లాను. "నీళ్లు గావాల్సింది ఎవలికట?" అన్నాడు బావ.

వాకిలి మధ్యకొచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. చెప్పుల్లేని కాళ్లు, కాలే నేల. అయినా అక్కడే కూర్చున్నాను, ఎండలో. ఇటు గుమ్మంలో ఈయన, అటు గుమ్మంలో బావ. ఇద్దరూ నా నోటి కోసం చూస్తున్నారు.

"ఏమన్నడు?" అన్నాడు ఈయన.

"నేను చెప్ప" అన్నాను. "ఇంక మొయ్య. ఇయ్యాల్టి నుంచి ఎవల మాట వాళ్లే తీసుకపోండ్రి. చేను ఎండితే ఎండనియ్యి."

అంత గట్టిగా నేను మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. సమ్మక్క లోపలి నుంచి వచ్చి నా రెక్క పట్టి నీడకు లాక్కెళ్లింది. చెవిలో మెల్లగా అంది.

"రేపు తునికాకుకు పోదాం. తెల్లారగట్లనే పోదాం. పొయ్యి ముట్టియ్యకు."

ఇద్దరం అలాగే చేశాం. కేసా భార్య కమ్లీ తోడొచ్చింది. చీకటి విచ్చకముందే అడవిలో ఉన్నాం. ఆకు కోసి, ఎండ ఎక్కాక కమ్లీ పుట్టింటి పందిట్లో కూర్చుని కట్టలు కట్టాం. జావ తాగాం. తనకు పెళ్లయిన కొత్తలో బావ నడిపే జీపు ఎక్కడానికి ఎంత భయపడిందో అక్క చెప్పింది. కమ్లీ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ ధ్యాసంతా ఇంటి మీదే ఉంది.

"వాళ్లేం తింటరక్కా?"

"ఆకలైతే నోరు తెరుస్తరు. తెరిస్తే మాట వస్తది. ఆకు కట్టు."

పొద్దు వాలే వేళకు మిగిలిన ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని వాగు దారినే వచ్చాం. చేను ఇంకా కనిపించకముందే ఇంజన్ మోత వినిపించింది. ఆగి ఆగి దగ్గే మోత కాదు. మా జీపు రోడ్డెక్కి నిమ్మళంగా పోతుంటే వచ్చే మోత. దాన్ని మించి రెండు గొంతులు.

"అరే, బెల్టు ఒదులైంది, నీ కండ్లేమైనయ్‌రా?"

"నువ్వు ఆడ నిలబడి చెప్పుడు కాదన్నా, వచ్చి పట్టు! నేను చెప్తున్న గదా, ఇటు తిప్పు... ఇటు!"

"తిప్పుతున్న. తిప్పుతున్న గదరా, అరవకు!"

అక్క ఆగిపోయింది. నేను రెండడుగులు ముందుకేసి చూశాను. చేను గట్టు మీద మా రేడియేటర్, ఇంజన్ ముందు చక్కగా బిగించి ఉంది. జీపు బ్యాటరీ కూడా వచ్చేసింది. బావ మోకాళ్ల దాకా పంచె ఎగ్గట్టి బురదలో నిలబడ్డాడు. కాలవ నిండా నీళ్లు, వాళ్ల సగంలోకీ మా సగంలోకీ. ఎవరు ముందు అడిగారో, ఎవరు తెచ్చి ఇచ్చారో మాకు ఇద్దరూ ఇప్పటికీ చెప్పలేదు. కేసాను అడిగితే, తనను సంతకు పొమ్మని పంపేశారంటాడు.

తర్వాత సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పంట చేతికొచ్చింది, అనుకున్నంత కాదు గానీ వచ్చింది. తొలకరికి వాగు నిండాక కేసా దుంగలు మళ్లీ వాకిట్లో లేచాయి. ఇంజన్ జీపులోకి తిరిగి వెళ్లింది. సంతరోజు బేరాలు ఇప్పుడు చెరో వారం మాట్లాడుకుంటున్నారు. పొయ్యిలు మాత్రం రెండుగానే ఉన్నాయి. కలపాలని నేనూ అక్కా కూడా అనుకోలేదు. ఎవరి కూర వాళ్లు వండుకుని గిన్నెలు మార్చుకోవడం మాకు అలవాటైపోయింది.

కానీ ఆ ఎండాకాలం అనగానే నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. గట్టు మీద వాళ్ల గొంతులు ఇంకా పెరిగాయి. బెల్టు నుంచి పోట్లాట ఎన్నికల మీదికి మళ్లింది.

"ఏందిరా, గొడుగు గాలికెగిరిపోతదా? నా బండ్లనే కూసోని, నా మైకులనే అంటవా?"

"నీ బండి ఎట్లైతది? మన బండి అను!"

"మన బండే! మన బండ్లనే కూసోని అంటవా అంటున్న!"

నేను గాభరాగా మూట సర్దుకున్నాను. "అక్కా, మళ్లీ మొదలైంది. పోయి ఆపుదాం పా."

సమ్మక్క కదల్లేదు. నెత్తి మీది మూట దించి దారి పక్కన పెట్టి, దాని మీద కూర్చుంది. కళ్లు కొంగుతో తుడుచుకుంది. నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆగే పిల్లా" అంది. "ఎన్ని దినాలకు విన్నం. ఇంకొంచెంసేపు కొట్లాడుకోనీ."